తాడు, కొమ్మ, రంపం: చెట్టు మీద బరువు లెక్క

చెట్టెక్కి కొమ్మలు కోసే ఆర్బరిస్టులు నలుగురు కలిస్తే మాట తొందరగా పరికరాల మీదికి మళ్లుతుంది. ఏ హార్నెస్ వేసుకుంటే నడుం నొప్పి రాదు, ఏ డివైస్ తాడు మీద సాఫీగా జారుతుంది, పైన వాడటానికి ఏ చైన్‌సా తేలిక. అవసరమైన ప్రశ్నలే. కానీ ప్రాణం మీదికి వచ్చే సందర్భాలు వేరేగా ఉంటాయి. నమ్ముకున్న కొమ్మ విరుగుతుంది, కోసేవాళ్లే తమ తాడును కోసుకుంటారు, కోసిన దుంగ ఊగి వచ్చి తగులుతుంది. కొత్త పరికరం కొన్నంత మాత్రాన ఇవేవీ ఆగవు. పరికరం చేతిలోకి తీసుకోకముందే ఒక విషయం తేల్చుకోవాలి: బరువు ఎక్కడ మొదలై, దేని గుండా, ఎటు పోతోంది? యాంకర్ (చెట్టు మీద తాడు బరువు మోసే చోటు) ఎంపిక, ముడి, దుంగ దింపడం, చివరికి కొమ్మ కోసే చోటు, అన్నీ ఈ ఒక్క లెక్కలోకే వస్తాయి.

చెట్టును పై నుంచి కాకుండా మొదలు నుంచి చూడాలి. వేళ్ల దగ్గర నేల ఒకవైపు లేచిందా, మట్టిలో కొత్త పగుళ్లున్నాయా, మానుకు శిలీంద్రాలు పట్టాయా అన్నది ముందు తేలాలి. గానోడెర్మా రకాలు మాను మీద అరల్లా బయటికి పెరుగుతాయి కాబట్టి సులభంగా కంటపడతాయి. క్రెట్జ్‌ష్మేరియా డ్యూస్టా అలా కాదు. మాను మొదలు దగ్గర నల్లటి పెచ్చులా అంటిపెట్టుకుని ఉంటుంది, పైన ఆకులు పచ్చగానే ఉంటాయి, లోపల చెక్క మాత్రం పెళుసుగా మారుతుంది. అలాంటి మాను వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది. సుత్తితో మాను చుట్టూ కొట్టి డొల్ల శబ్దం వినడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనికొస్తుంది.

ఆ తర్వాత పంగలు. విశాలంగా తెరుచుకున్న పంగకు సాధారణంగా బలం ఉంటుంది. రెండు కొమ్మలూ ఇరుకుగా నిటారుగా పెరిగి, మధ్యలో బెరడు లోపలికి ముడుచుకుపోయిన పంగలో చెక్కకూ చెక్కకూ అతుకు సరిగా ఉండదు. దాన్ని యాంకర్‌గా వాడితే బరువు పడేది ఆ బలహీనమైన అతుకు మీదే. యూరప్‌లో డైబ్యాక్ తెగులు సోకిన యాష్ చెట్లది ఇంకో సమస్య: చెక్క ఎంత పెళుసుబారిందో కింది నుంచి అంచనా వేయడం కష్టం. తెగులు ముదిరిన యాష్‌ను ఎక్కడం కన్నా బకెట్ ఉన్న లిఫ్ట్ వాహనం తెప్పించడమే తెలివైన పని. ఎక్కడం వచ్చు కాబట్టి ప్రతి చెట్టూ ఎక్కాలన్న నియమం ఏమీ లేదు. ఇక కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే మిగతా లెక్కలన్నీ పక్కన పెట్టాలి. తడి తాడు, పచ్చి కొమ్మ రెండూ కరెంటును మోస్తాయి. సప్లై ఆపించారా, ఎంత దూరం పాటించాలి అన్నది తేలకుండా తాడు పైకి విసరకూడదు.

రెండు పద్ధతులు, రెండు లెక్కలు

తాడుతో ఎక్కడానికి ఇప్పుడు ప్రధానంగా రెండు పద్ధతులున్నాయి. మొదటిది మూవింగ్ రోప్. తాడు పై పంగ మీదుగా వెళ్లి కిందికి వస్తుంది. ఒక కొస హార్నెస్‌కు కట్టి ఉంటుంది, రెండో పాయ ఫ్రిక్షన్ ముడి (తాడు చుట్టూ బిగిసి రాపిడితో పట్టుకునే ముడి) ద్వారా మళ్లీ హార్నెస్‌కే చేరుతుంది. మనిషి కదిలినప్పుడల్లా తాడు కూడా పంగ మీద కదులుతుంది. రెండోది స్టేషనరీ రోప్. ఇందులో తాడు కదలదు, మనిషే దాని వెంట పైకి పాకుతారు. తాడు రెండో కొసను చెట్టు మొదట్లో కట్టవచ్చు, లేదా పైన కొమ్మకే ఉచ్చు బిగించవచ్చు.

పరికరాలతో కలిపి 80 కిలోల బరువున్న మనిషిని తీసుకుందాం. మూవింగ్ రోప్‌లో రెండు పాయలూ ఆ మనిషినే మోస్తాయి, చెరో 40 కిలోలు. పై పంగ మీద పడేది మొత్తం 80. రెండు మీటర్ల తాడు లాగితే మనిషి ఒక మీటరే లేస్తారు, కానీ సగం బలంతో లేస్తారు. స్టేషనరీ రోప్‌ను మొదట్లో కట్టినప్పుడు లెక్క మారిపోతుంది. మనిషి వేలాడే పాయలో 80 కిలోల బిగువు ఉంటుంది. దాన్ని నిలబెట్టడానికి మొదలు వైపు పాయలోనూ దాదాపు అంతే ఉండాలి. పైనున్న కొమ్మ మీద పడేది 160 కిలోల దాకా. బెరడు మీద రాపిడి కొంత తగ్గిస్తుంది, ఎక్కేటప్పుడు వచ్చే కుదుపు ఇంకా పెంచుతుంది. అదే తాడును పైనే ఉచ్చు బిగిస్తే మళ్లీ 80కి వస్తుంది. మనిషి అదే, తాడు అదే, కొమ్మ అదే. మొదట్లో కట్టిన ఒక్క ముడి వల్ల కొమ్మ మీది భారం రెట్టింపయింది. మూవింగ్ రోప్‌కు అలవాటుపడి స్టేషనరీకి మారేవాళ్లు తరచు వదిలేసే లెక్క ఇదే.

అందుకే మొదట్లో కట్టే తాడుకు ఎక్కే ముందు బరువు పరీక్ష తప్పనిసరి. ఇద్దరు కలిసి తాడు మీద వేలాడి, కుదిపి చూస్తారు. అయితే దూరంగా నిలబడి పక్కకు లాగి చూస్తే పరీక్ష జరిగినట్టు కాదు. తర్వాత మనిషి వేలాడే దిశలోనే లాగాలి. కొమ్మకు బలం అన్ని దిశల్లో ఒకేలా ఉండదు. బరువు కొమ్మ పొడవునా మాను వైపు నొక్కుతుంటే సన్నటి కొమ్మ కూడా నిలుస్తుంది. అదే బరువు అడ్డంగా పడితే విరుగుతుంది. తాడు రెండు మూడు పంగల మీదుగా వెళ్తే ప్రతి పంగ దగ్గరా రెండు పాయల మధ్య కోణాన్ని సగం చేసే దిశలో బలం పడుతుంది. రెండు పాయలూ 120 డిగ్రీలు విచ్చుకుని ఉంటే ఆ పంగ మీద పడేది ఒక్క పాయ బిగువుకు సమానం. పాయలు దగ్గరపడే కొద్దీ అది రెట్టింపు వైపు పోతుంది. ఈ కోణాలు గమనించేవాళ్లు రీడైరెక్ట్, అంటే తాడు దారి మార్చే ఇంకో ఆనిక, పెట్టి బరువును మాను వైపు మళ్లిస్తారు. గమనించనివాళ్లు అదే రీడైరెక్ట్‌తో కొమ్మను పక్కకు లాగుతారు.

మొదట్లో కట్టడానికి పెద్ద ఆకర్షణ రక్షణ విషయంలో ఉంది. అక్కడ తాడును నెమ్మదిగా వదిలే పరికరం అమర్చితే, పైన స్పృహ తప్పిన మనిషిని మధ్యలో అడ్డు లేనంత వరకు నేల మీద ఉన్నవాళ్లే దించగలరు. అదే ముడి నేల మీద తిరిగే చైన్‌సాకు అందే చోట కూడా ఉంటుంది. మనిషి పైన ఉన్నంతసేపూ ఆ మొదలు దగ్గర రంపం నడవకూడదు.

ముడి మీద పడే బరువు

ఫ్రిక్షన్ ముడుల చరిత్ర కొండలెక్కేవాళ్లతో మొదలవుతుంది. ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రచారంలోకి తెచ్చిన ముడి ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఆర్బరిస్టులు దానితో ఆగలేదు. తాడు సొంత కొసతోనే వేసుకోగల బ్లేక్స్ హిచ్, హిచ్ కార్డ్ అనే విడి పొట్టి తాడుతో వేసే డిస్టెల్, ష్వాబిష్, వాల్డొటేన్ ట్రెస్ వాడుకలోకి వచ్చాయి. ముడి కింద చిన్న పుల్లీ పెట్టి, తాడు లాగినప్పుడు ముడి దానంతట అదే పైకి జరిగేలా చేయడం పనిని బాగా తేలిక చేసింది.

మూవింగ్ రోప్‌లో చక్కగా నడిచే ముడి, స్టేషనరీ రోప్ మీద వేయగానే ఎందుకు మొండికేస్తుంది? మూవింగ్ రోప్‌లో ముడి మోసేది మనిషి బరువులో సగమే. స్టేషనరీలో మొత్తం బరువు దాని మీదే. ముడి బిగుసుకుపోతుంది, విడిస్తే ఒక్కసారిగా జారుతుంది, జారేటప్పుడు వేడెక్కుతుంది. ఈ చిక్కు విప్పడానికే రోప్ రెంచ్ లాంటివి వచ్చాయి. ముడి పైన తాడును కాస్త వంచి అదనపు రాపిడి పుట్టించి, ముడి మీది బరువులో కొంత అది పంచుకుంటుంది. ఆ తర్వాత ముడి అవసరమే లేని మెకానికల్ డివైస్‌లు కూడా మార్కెట్లోకి వచ్చాయి.

వేడి సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. పాలియెస్టర్ 250 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతుంది. బలానికి పేరుపడ్డ డైనీమా లాంటి పాలిథిలీన్ పీచు దాదాపు 145 దగ్గరే కరిగిపోతుంది. అరమిడ్ పీచు కరగదు, చాలా ఎక్కువ వేడికి మాడుతుంది. హిచ్ కార్డ్ పై తొడుగులో అరమిడ్ వాడటానికి కారణం ఇదే. ముడి మీద గాజులా మెరిసే మచ్చలు కనిపిస్తే పీచు కరిగి గడ్డకట్టినట్టే, ఆ కార్డ్ పని అయిపోయింది.

డివైస్‌తో నేరుగా నేర్చుకున్నా తప్పేం లేదని కొందరంటారు. ఆ మాట ఒప్పుకోవడం కష్టం. ముడితో నేర్చుకున్నవాళ్లకు రాపిడి ఎక్కడ పుడుతోందో చేతికి తెలుస్తుంది. తడి తాడు మీద, కొత్త తాడు మీద, చెట్టు జిగురు అంటిన తాడు మీద ముడి పట్టు మారుతుందని అనుభవంలోకి వస్తుంది. డివైస్ ఆ తేడాలను చాలావరకు దాచేస్తుంది. దాచినంత మాత్రాన తేడాలు పోవు.

తాడును పైకి చేర్చడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పావు కిలో నుంచి అర కిలో లోపు బరువున్న చిన్న సంచిని సన్నటి దారానికి కట్టి, చేత్తో గానీ పెద్ద గులేరుతో గానీ పంగ మీదుగా విసురుతారు. ఆ దారంతో అసలు తాడును లాగుతారు. ఎక్కడానికి ఫుట్ అసెండర్, మోకాలి అసెండర్ (తాడు మీద పైకి జరిగి, కిందికి జారకుండా పట్టుకునే సాధనాలు) వాడితే బరువు చేతుల మీంచి కాళ్ల మీదికి మారుతుంది. రోజంతా పనిచేసేవాళ్లకు ఇది చిన్న లాభం కాదు. కాళ్లకు కట్టుకునే ఇనుప ముళ్లు, అంటే స్పర్స్, కొట్టేయబోయే చెట్టుకే పరిమితం కావాలి. ప్రతి పోటూ బెరడు కింది సజీవ పొరను తూట్లు పొడుస్తుంది. బతకాల్సిన చెట్టు మీద వాటిని వాడటానికి ఒప్పుకోదగ్గ కారణం పైన చిక్కుకున్న మనిషిని కాపాడటం లాంటిదే.

రెండో పట్టు

చైన్‌సా స్టార్ట్ చేసే ముందు రెండు పట్లు ఉండాలి: ఎక్కిన తాడు ఒకటి, హార్నెస్ నుంచి చెట్టు చుట్టూ వేసిన పొట్టి తాడు, అంటే లాన్యార్డ్, ఒకటి. లాన్యార్డ్ పడిపోకుండా ఆపడమే కాదు, మనిషిని కదలకుండా నిలబెడుతుంది కూడా. అప్పుడే రెండు చేతులూ రంపం మీద ఉంటాయి. పైహ్యాండిల్ చైన్‌సాను ఒంటి చేత్తో పట్టడం, రెండో చేత్తో కొమ్మ పట్టుకోవడం చాలామందికి అలవాటు. గొలుసు తిరిగే బార్ కొస పైభాగం చెక్కకు తగిలితే రంపం ఒక్కసారిగా వెనక్కి తన్నుతుంది. ఒంటి చెయ్యి దాన్ని ఆపలేదు, రెండో చెయ్యి ఉన్నదేమో గొలుసు వచ్చే దారిలో.

లోపల ఉక్కు తీగ ఉన్న లాన్యార్డ్ చేతి రంపం పొరపాటున తగిలితే కొంత కాపాడుతుంది. చైన్‌సా ముందు అది భరోసా కాదు. పైగా కరెంటు తీగల దగ్గర ఆ ఉక్కే శత్రువు. చైన్‌సా ప్యాంట్లు పనిచేసే తీరు వేరు: లోపలి పొడవాటి పీచులు బయటికి వచ్చి గొలుసుకు, దాన్ని తిప్పే పళ్ల చక్రానికి చుట్టుకుని రంపాన్ని ఆపేస్తాయి. గొలుసు వేగాన్ని బట్టి వీటికి క్లాసులున్నాయి. క్లాస్ 1 సెకనుకు 20 మీటర్లకు, క్లాస్ 2 24కు, క్లాస్ 3 28కి పరీక్షించినవి. ముందువైపు మాత్రమే రక్షణ ఉన్నవి నేల మీద పనికి సరిపోతాయేమో గానీ, పైన రంపం ఏ వైపు నుంచైనా కాలికి తగలొచ్చు.

బ్రిటన్‌లో ఎత్తులో పనులకు 2005లో వచ్చిన నిబంధనలు, తాడు మీద చేసే పనికి విడి యాంకర్లున్న రెండు తాళ్లు అడుగుతాయి. రెండో తాడు వల్లే ప్రమాదం పెరిగే చోట మినహాయింపు ఉంది. చెట్ల పనిలో చాలాకాలం ఆ మినహాయింపే మామూలు పద్ధతిగా నడిచింది. తర్వాత రెండు తాళ్లే ముందు, ఒకటి మినహాయింపు అన్న వైపుకు పరిశ్రమ మారాల్సి వచ్చింది. రెండు తాళ్లు కొమ్మల మధ్య చిక్కుపడతాయి, పని నెమ్మదిస్తుంది, చూసుకోవాల్సినవి పెరుగుతాయి అని ఎక్కేవాళ్లు అంటే అందులో నిజం ఉంది. కానీ యాంకర్ కొమ్మ విరిగినప్పుడు కాపాడేది ఇంకోచోట ఉన్న యాంకరే. రెండు తాళ్లనూ ఒకే పంగకు వేస్తే లెక్క ప్రకారం రెండు తాళ్లు, బరువు ప్రకారం ఒకే యాంకర్.

పరికరాల మీద ముద్రించే అంకెల్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి. అమెరికన్ ప్రమాణం జడ్133 ప్రకారం ఎక్కే తాడుకు కనీసం 5,400 పౌండ్ల బలం, అంటే సుమారు 2,450 కిలోలు, ఉండాలి. అది కొత్త తాడు సంగతి. ముడి వేయగానే తగ్గుతుంది, పాతబడే కొద్దీ ఇంకా తగ్గుతుంది. తాడును, హార్నెస్‌ను కలిపే లోహపు కొక్కెం, అంటే కారబైనర్, మీది బలం నిలువు దిశలో, గేటు మూసి ఉన్నప్పటిది. అడ్డంగా బరువు పడితే చాలా వాటికి అందులో మూడో వంతుకు అటూ ఇటూ మాత్రమే మిగులుతుంది.

ఇక ఒక్కరే వెళ్లి చెట్టెక్కడం ఎంత చిన్న పనికైనా చేయకూడనిది. కింద ఉన్న మనిషికి ఎక్కడం రావాలి, ఎక్కే సామాను విడిగా సిద్ధంగా ఉండాలి. హార్నెస్‌లో కదలకుండా వేలాడే మనిషికి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, ఫైర్ ఇంజన్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండకపోవచ్చు.

దుంగ పడేటప్పుడు

బరువు లెక్క అన్నిటికన్నా ఎక్కువగా బోల్తా కొట్టించేది దుంగలు దింపేటప్పుడు. పచ్చి చెక్క ఘనపు మీటరుకు సుమారు ఒక టన్ను అనుకుంటే, 40 సెంటీమీటర్ల మందం, మీటరు పొడవున్న దుంగ 125 కిలోల దాకా తూగుతుంది. మందం రెట్టింపై 80 సెంటీమీటర్లయితే బరువు నాలుగింతలు, అంటే 500 కిలోలు. కంటికి మాత్రం అది రెండింతలుగానే కనిపిస్తుంది.

కొమ్మల్లేని నిలువు మాను పై నుంచి ముక్కలు కోసేటప్పుడు కప్పీ కట్టడానికి కోతకు కిందే చోటుంటుంది. ముక్క పైన, కప్పీ కింద. కాబట్టి తాడు బిగిసేలోపు ముక్క కొంత దూరం ఊరికే పడుతుంది. ఆ 125 కిలోల దుంగ రెండు మీటర్లు పడ్డాక తాడు దాన్ని అర మీటరు సాగి ఆపిందనుకుందాం. ఆపే సమయంలో సగటున దుంగ బరువుకు ఐదింతల బలం పడుతుంది. తాడు స్ప్రింగులా సాగుతుంది కాబట్టి చివరి క్షణంలో అది పదింతల దాకా పోతుంది: 1,250 కిలోలు. కప్పీ మీద రెండు పాయలూ కిందికే లాగుతాయి కాబట్టి అక్కడ పడేది దాదాపు రెట్టింపు, 2,500. రాపిడి వల్ల కొంత తగ్గినా, ఆ కప్పీ కట్టి ఉన్న మానునే మనిషి లాన్యార్డ్‌తో పట్టుకుని ఉన్నారని మరవకూడదు. ఊగేది కప్పీ ఒక్కటే కాదు.

అందుకే కింద మొదట్లో కట్టిన పోర్టారాప్ (తాడును చుట్టి రాపిడితో వేగం తగ్గించే లోహపు గొట్టం) దగ్గర నిలబడే మనిషి నైపుణ్యం పైనున్నవాళ్ల నైపుణ్యానికి తీసిపోదు. తాడును ఒక్కసారిగా బిగబట్టకుండా, దుంగను కొంత పరుగెత్తనిచ్చి మెల్లగా ఆపితే అదే దుంగ బలం ఎన్నో రెట్లు తగ్గుతుంది. ఆపడానికి అర మీటరుకు బదులు మూడు మీటర్లు దొరికాయనుకోండి, సగటు బలం దుంగ బరువుకు రెండింతల లోపుకు వస్తుంది. కింద చోటు లేక పరుగెత్తనివ్వడం కుదరని సందర్భంలో మిగిలేది ముక్క చిన్నది చేయడమే. ఒక గంట మిగులుతుందని పెద్ద ముక్క కోయడం ఈ పనిలో అతి ఖరీదైన పొదుపు. దుంగలు దింపే తాడును, కప్పీని, దాన్ని చెట్టుకు కట్టే స్లింగ్‌ను ఎక్కే సామానుతో ఎప్పుడూ కలపకూడదు. ఒకసారి పెద్ద కుదుపు తిన్న తాడు బయటికి బాగానే కనిపిస్తుంది.

చిన్న ముక్కలకు తాడే అక్కర్లేని కోత ఒకటుంది. రెండు వైపుల నుంచి ఎత్తు కాస్త తేడాగా, ఒకదాన్నొకటి కొంచెం దాటేలా కోస్తారు. ముక్క నిలబడే ఉంటుంది. రంపం ఆపి పక్కన వేలాడదీసి, రెండు చేతులతో విరిచి కావలసిన వైపు పడేస్తారు.

చెట్టు లోపలి బరువు

ఇప్పటిదాకా చెప్పింది మనిషి, దుంగల బరువు. చెట్టుకు తన బరువు కూడా ఉంటుంది, గాలి తోసే బలం ఉంటుంది, కోత ఆ లెక్కను మార్చేస్తుంది. ఒకప్పుడు కొమ్మను మానుకు సమానంగా చదునుగా కోసి, రంగు పూసి, తొర్రలు సిమెంటుతో నింపేవారు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను చైన్‌సాతో నిలువునా చీల్చి చూసి ఈ అలవాట్లను తలకిందులు చేశారు. చెట్టు దెబ్బతిన్న కణజాలాన్ని మళ్లీ మునుపటిలా చేసుకోదు. చుట్టూ గోడలు కట్టి కుళ్లును ఒకచోట బంధిస్తుంది. 1970లలో రూపుదిద్దుకున్న ఆయన నమూనాలో అలాంటి గోడలు నాలుగు. నిలువుగా పాకే కుళ్లును ఆపే గోడ అన్నిటికన్నా బలహీనం. గాయం తర్వాత కొత్తగా పెరిగే చెక్కను కాపాడే నాలుగోది అన్నిటికన్నా బలం.

కొమ్మ మానును కలిసే చోట ఉబ్బెత్తుగా కనిపించే కాలర్‌ను చదును కోత తీసేస్తుంది. కొమ్మ కుళ్లు మానులోకి రాకుండా అడ్డుపడేది ఆ ప్రాంతమే. కాబట్టి చివరి కోత కాలర్ బయటి అంచున పడాలి. దానికి ముందు రెండు కోతలు అవసరం: కాస్త దూరంలో కింది నుంచి ఒకటి, దానికి ఇంకాస్త బయట పై నుంచి ఒకటి. బరువంతా ముందే పడిపోతుంది కాబట్టి మిగిలిన మొద్దు తీసేటప్పుడు బెరడు మాను పొడవునా చీలదు. రంగు పూస్తే కుళ్లు ఆగుతుందన్న నమ్మకానికి ఆధారం లేదు. సిమెంటు నింపిన తొర్ర గాలికి ఊగే మానులో బండరాయిలా మిగిలి చుట్టూ ఉన్న చెక్కను రాస్తుంది.

ఎత్తు తగ్గించాల్సి వస్తే ప్రధాన కొమ్మను దాని మందంలో కనీసం మూడో వంతున్న పక్క కొమ్మ దగ్గరికి కోస్తారు. పెరిగే పని ఆ పక్క కొమ్మ అందుకుంటుంది. పై నుంచి కొంచెం తగ్గించినా గాలికి మాను మొదలు దగ్గర పడే వంపు బలం గణనీయంగా తగ్గుతుంది, ఎందుకంటే తీసేసింది మొదలుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న ఆకుల్ని. దీనికి పూర్తి విరుద్ధం, లోపలి రెమ్మలన్నీ తీసేసి కొసల్లో మాత్రమే ఆకులు మిగల్చడం. శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి చెట్టు యజమానులకు నచ్చుతుంది. కానీ బరువంతా కొసకు చేరుతుంది, ఊపును మింగే రెమ్మలు పోతాయి, కొమ్మలు మధ్యలో విరుగుతాయి.

తల నరకడం అన్నిటికన్నా చెడ్డది. మందమైన కొమ్మల్ని ఎక్కడపడితే అక్కడ మొండిగా కోస్తే కుళ్లు లోపలికి దిగుతుంది. పైన గుత్తులుగా కొత్త చిగుళ్లు లేస్తాయి. అవి కొన్నేళ్లలోనే మళ్లీ పాత ఎత్తు అందుకుంటాయి, కానీ మొద్దు బయటి పొరలకు మాత్రమే అతుక్కుని ఉంటాయి. లోపల కుళ్లుతున్న చెక్క మీద బరువైన కొమ్మలు నిలుచుంటాయి. పదేళ్ల తర్వాత ఆ చెట్టెక్కేవాళ్లకు కింది నుంచి అవి మంచి యాంకర్లలాగే కనిపిస్తాయి. పాత కోతల ఆనవాళ్లు పోల్చుకోగలిగినవాళ్లు తాడును వాటికి కిందనున్న పంగకే వేసి, తక్కువ ఎత్తు నుంచి ఇబ్బందిపడుతూ పనిచేస్తారు, లేదా లిఫ్ట్ తెప్పిస్తారు.